చదివి వినిపించే వంతు

లోకంలో పాముకు భయపడేవాళ్ళున్నారు, పోలీసుకు భయపడేవాళ్ళున్నారు, కొత్తల్లుడికి భయపడేవాళ్ళు మరీ ఎక్కువమంది ఉన్నారు. సత్యవేదం కాగితానికి భయపడతాడు. ఎవరైనా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి "ఇది కాస్త చూడండి" అంటే చాలు, యాభై నాలుగేళ్ళ మనిషికి వీపంతా చెమట పడుతుంది. నీళ్ళపాముల మధ్య పెరిగినవాడు, మెడలోతు చెరువులో దిగి వల లాగినవాడు, కాగితం ముక్కను చూసి అంత వణకడమేమిటి అంటే కారణం ఒక్కటే. అతనికి చదవడం రాదు.

పుట్టింది కొల్లేటికోటలో. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. బడి ఉండేది, మాస్టారూ ఉండేవారు. కానీ వానాకాలం వస్తే బడిలోకి నీళ్ళొచ్చేవి, పిల్లలు దోనెల్లోకి పోయేవారు. ఏడో ఏట తండ్రి దోనె ఎక్కినవాడు మళ్ళీ బడి గడప తొక్కలేదు. పెళ్ళయ్యాక భార్య వరమ్మ నేర్పాలని చూసింది. ముదినేపల్లి పిల్ల, ఏడో తరగతి దాకా చదివింది, ఓపిక గలది. సాయంత్రం నేర్చుకున్న అక్షరాలు తెల్లారేసరికి అతని కళ్ళముందు కలగాపులగమయ్యేవి. పదిహేను రోజులు చూసి చూసి ఆమె ఒకసారి పొరపాటున నవ్వింది. అతను పలక తీసుకెళ్ళి కాలవలో విసిరేశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. మగవాడి పౌరుషం అలాగే తగలడుతుంది. దానివల్ల చెడేదీ వాడే, చెడ్డానని ఎవరికీ చెప్పుకోలేనిదీ వాడే.

అంకెలు మాత్రం వచ్చు. గుండుగొలను చుట్టుపక్కల చేపల చెరువుల్లో వలేసి సరుకు తీసే పట్టుబడి రోజున కాటా దగ్గర కూర్చునేది అతనే. బొచ్చె చేప ఎన్ని ట్రేలు, శీలావతి ఎన్ని ట్రేలు, ఏ లారీకి ఎంత బరువు ఎక్కింది అన్నీ నోటికే చెబుతాడు. అక్కడ సగం మందికి చదువు రాదు, కాబట్టి అక్కడ అది తప్పు కాదు. ఇక అతని చెవుల సంగతి వేరే చెప్పాలి. చెరువు గట్టు మీద పాకలో పదిహేనేళ్ళు కాపలా ఉన్నప్పుడు తోడున్నది రేడియో ఒక్కటే. పైగా రోజూ పొద్దున్నే వరమ్మ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, పెళ్ళిసంబంధాల ప్రకటనలతో సహా, పైకి చదివేది. అతను వేపపుల్ల నములుతూ వినేవాడు. ఒకసారి విన్నది మళ్ళీ పోదు. ఏ దేశానికి ఏది రాజధానో, ఏ జంతువుకు ఎన్ని పళ్ళో, ఎవరు ఏ సంవత్సరంలో ఎక్కడికి వెళ్ళొచ్చారో, అడిగితే టక్కున చెప్పేవాడు. అడిగేవాళ్ళే లేరు.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఏలూరులో ఫణీంద్ర గారింటికి చేపలు ఇవ్వడానికి వెళ్ళాడు. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మేడమీద నలుగురు కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నారు. అది వాళ్ళ ఆదివారం సరదా. "సముద్రంలో ఉండే గుర్రపు చేప ఉంది కదండీ, దాంట్లో పిల్లల్ని కడుపులో మోసేది ఆడదా, మగదా?" అని ఎవరో అడిగారు. పైనవాళ్ళు ఆడదేనన్నారు. మెట్లమీద సంచీ పట్టుకుని నిలబడ్డ సత్యవేదం నోరు ఊరుకోలేదు.

"మగదండీ," అన్నాడు.

పైన కూర్చున్నవాళ్ళు కిందికి తొంగిచూశారు. ఆ రోజు అతన్ని పైకి పిలిచి కాఫీ ఇచ్చారు. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారు. అలా జట్టులో కలిశాడు.

అక్కడ అతని పేరు మారిపోయింది. చెరువు దగ్గర యజమాని "ఒరే సత్తియ్యా" అంటాడు. ఏలూరులో మేడమీద "సత్యవేదం గారూ, మీరేమంటారండీ?" అంటారు. కళ్ళద్దాల షాపు నడిపే ప్రసన్నలక్ష్మి గారు అంటుంది, ఆర్టీసీలో కండక్టరు విజయ్ కుమార్ అంటాడు, అంత చదువుకున్న ఫణీంద్ర గారూ అంటారు. జీవితంలో మొదటిసారి నలుగురు మనుషులు తన జవాబు కోసం తలతిప్పి చూడటం ఎలా ఉంటుందో అతను చూశాడు. చూశాక, అది పోతుందేమోనన్న భయం పట్టుకుంది. చదువు రాదని తెలిస్తే వాళ్ళు తిట్టరు, తరిమేయరు, అంతటి మర్యాదస్తులు. కానీ ఆ చూపు పోతుంది. ఆ చూపు పోతే తను మళ్ళీ మెట్లమీద సంచీ పట్టుకున్న మనిషే.

అందుకని రెండేళ్ళూ నాటకమాడాడు. వాట్సాప్ గ్రూపులో రోజుకో ప్రశ్న పెడతారు. వరమ్మ చదివితే వింటాడు, జవాబు మాత్రం తన గొంతుతో వాయిస్ మెసేజ్ పంపుతాడు. వరమ్మ చర్చిలో మహిళా సమాజానికి వెళ్ళిన రోజున "నెట్ లేదండీ" అని మర్నాడు చెబుతాడు. తన వంతు వచ్చినప్పుడు పదిహేను ప్రశ్నలూ కాగితం లేకుండా కళ్ళు మూసుకుని అడుగుతాడు. "అబ్బ, ఏం జ్ఞాపకశక్తండీ!" అని వాళ్ళు మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా ఇతనికి తేలు కుట్టిన దొంగలా ఉంటుంది.

ఇలా సాగుతుండగా తాడేపల్లిగూడెం జట్టుతో మ్యాచ్ వచ్చింది. ఏటా జరిగే స్నేహపూర్వకమైన పోటీ అది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు టిఫిన్ పెట్టిస్తారు, అంతే. కానీ నాలుగేళ్ళ కిందట గూడెం వాళ్ళు తమవాళ్ళను ప్రశ్న అడిగేటప్పుడు, ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది రాగానే రాగం తీసి అందించారని గొడవైంది. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక జట్టు పది ప్రశ్నలు రాసి కవర్లో పెట్టి అంటించాలి. అవతలి జట్టులోనే ఒకరు అందరిముందూ ఆ కవరు చించి, పైకి చదివి, తమవాళ్ళకు వినిపించాలి. చదివేవాళ్ళు జవాబు చెప్పకూడదు. జవాబుల కాగితం మాత్రం రాసిన జట్టు మనిషి చేతిలో ఉంటుంది. ఇప్పటిదాకా విజయ్ కుమార్ చదివేవాడు.

"ఈసారి మన తరఫున చదివేది సత్యవేదం గారేనండి," అన్నారు ఫణీంద్ర గారు. "ఆ వాయిస్ మెసేజులు వింటుంటే మా ఆవిడ రేడియో పెట్టారేంటండీ అంటుంది. అంత మంచి గొంతు పెట్టుకుని మనం వాడుకోకపోతే ఎలాగండీ?"

అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవేదానికి గుండెలో రాయి పడింది.

"నేను జవాబులు చెప్పేవాణ్ణి కదండీ..." అన్నాడు.

"ప్రతిసారీ మీరే చెప్పేస్తే ఇక మేమెందుకండీ?" అంది ప్రసన్నలక్ష్మి గారు నవ్వుతూ. "కాదనకండి."

"అలాగేనండి," అన్నాడు.

మా జిల్లాల్లో ఈ 'అలాగేనండి' ముంచినంతమందిని గోదావరి వరద కూడా ముంచి ఉండదు. మనసు ససేమిరా అంటున్నా నోరు మర్యాదగా ఒప్పేసుకుంటుంది. బయటికొచ్చి బస్సెక్కాక గానీ ఏం ఒప్పుకున్నామో తెలియదు.

ఆ వారం సత్యవేదం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మంగళవారం పట్టుబడిలో కాటా దగ్గర లెక్క తప్పాడు. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. "ఏరా సత్తియ్యా, ఎక్కడున్నావురా?" అని యజమాని అరిచాడు. బుధవారం ఒక ఉపాయం తోచింది. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఈమధ్య దగ్గరి చూపు ఆనట్లేదండీ. అక్షరాలన్నీ అలికేసినట్టు కనపడుతున్నాయి. మరి నేను చదవడమంటే..." ఇందులో చివరి మాట ఒక్కటే నిజం, అదీ సగమే.

రెండు నిమిషాల్లో ప్రసన్నలక్ష్మి గారి జవాబు వచ్చింది. వరమ్మ అవసరం లేకుండా ఆమె కూడా గొంతుతోనే పంపింది. "దానికేముందండీ సత్యవేదం గారూ! చూపు మందగిస్తే చదవడానికి అద్దాలుంటాయి కదండీ. ఆదివారం అన్ని పవర్లవీ పట్టుకొస్తాను, మీకు ఏది సరిపోతే అది పెట్టుకుందురుగాని. డబ్బుల మాటెత్తకండి."

తను తవ్విన గోతిలో తనే పడ్డాడు. వాళ్ళలో ఒక్కరైనా కాస్త చెడ్డమనిషి ఉంటే బావుండేదనిపించింది. చెడ్డవాళ్ళతో పోట్లాడి బయటపడొచ్చు, మంచివాళ్ళు దారులన్నీ ప్రేమగా మూసేస్తారు.

"చెప్పేయండి," అంది వరమ్మ ఆ సాయంత్రం. "రాదు అంటే రాదు. దొంగతనం చేశారా, ఎవర్నన్నా ముంచారా?"

"చెబితే ఇంకేం మిగుల్తాదే నాకక్కడ?"

"మీరు మిగుల్తారు కదండీ."

"నువ్వు చూళ్ళేదు. వాళ్ళు నన్నెలా చూస్తారో నువ్వు చూళ్ళేదు," అన్నాడు.  వరమ్మ ఫోను అతని పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

శనివారానికి అతనికి ధైర్యం లాంటిది ఒకటి వచ్చింది. చర్చిలో ఒకసారి పాస్టరుగారు వాక్యం చదవమంటే, తనకు నోటికొచ్చిన కీర్తనే కావడంతో పుస్తకం వంక చూస్తూ గడగడా అప్పజెప్పేశాడు. ఎవరూ పోల్చుకోలేదు. ప్రశ్నలూ అంతే. కాగితం వంక చూస్తూ తనకు తెలిసిన పది ప్రశ్నలు తన నోటితోనే అడిగేస్తే సరి.

"మరి జవాబుల కాగితం వాళ్ళ చేతిలో ఉంటుందన్నారు కదండీ?" అంది వరమ్మ.

 ఎన్నో ప్రశ్నలకు జవాబు తెలిసిన మనిషి ఆ ఒక్కదానికీ తెల్లమొహం వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫణీంద్ర గారి కారు గుండుగొలను సెంటర్లో ఆగి అతన్ని ఎక్కించుకుంది. భీమడోలు దాటేదాకా ప్రసన్నలక్ష్మి గారు ఒక్కో కళ్ళజోడూ అతని ముక్కు మీద పెట్టి, పేపరు ముక్క ముందుంచి "ఇది కనబడుతోందాండీ? ఇదో?" అని అడుగుతూనే ఉంది. నాలుగో దానికి అతను "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. ప్రతి అక్షరమూ నల్లగా, స్పష్టంగా, తనకేమీ కానట్టుగా కనిపించింది.

తాడేపల్లిగూడెంలో తాతాజీ గారి ట్యూషన్ హాలు. వీధి చివర ఉల్లిపాయల బస్తాలు దించుతున్నారేమో, వాసన లోపలిదాకా వస్తోంది. తాతాజీ గారు అవతలి జట్టుకు పెద్ద. నెలరోజులు కూర్చుని ప్రశ్నలు తయారుచేశానని వచ్చినప్పటి నుంచి మూడుసార్లు చెప్పాడు. జవాబుల కాగితం పట్టుకున్నది షారోన్ అనే అమ్మాయి. ఒకటో తరగతి టీచరు. జట్టులో చేరి నెల కూడా కాలేదట, ఇదే ఆమె మొదటి మ్యాచ్. కాగితం పదిలంగా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

కవరు సత్యవేదం చేతికి వచ్చింది. చించాడు. కవరుతో పాటు కాగితం అంచు కూడా చిరిగింది. మడత విప్పి చూశాడు. ఒకటి నుంచి పది దాకా అంకెలు తెలిశాయి. అంకెల పక్కన బారులు తీరి ఉన్నవేవీ తెలియలేదు.  కాగితాన్ని మొహానికి కాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఒకటో ప్రశ్నండి," అన్నాడు రేడియో గొంతుతో. "ఆక్టోపస్‌కి గుండెలెన్ని?"

"మూడు!" అన్నాడు విజయ్ కుమార్.

షారోన్ కాగితం చూసుకుంది. తలెత్తి సత్యవేదాన్ని చూసింది. మళ్ళీ కాగితం చూసుకుంది. ఏటా నలభైమంది చదవడం రాని పిల్లల్ని చూసే మనిషి ఆమె. వరస వెంట కదలని కళ్ళను పోల్చుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఆ సంగతి ఆమె మొహంలో కనబడగానే సత్యవేదానికి పైప్రాణాలు పైనే పోయాయి.

"కరెక్టేనండి," అంది షారోన్ మెల్లగా. తాతాజీ గారు ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించాడు.

 ఇప్పుడు ఆపితే అక్కడికక్కడే బయటపడిపోతుంది. ఆపకపోతే ఎక్కడిదాకా పోతుందో తెలియదు. "రెండో ప్రశ్న. సూర్యుడి వెలుగు భూమికి చేరడానికి సుమారు ఎన్ని నిమిషాలు పడుతుంది?"

"ఎనిమిది," అంది ప్రసన్నలక్ష్మి గారు.

"కరెక్టేనం..."

"ఆగండాగండి," అన్నాడు తాతాజీ గారు లేచి నిలబడి. "ఇవి నేను రాసినవి కాదండీ! నెలరోజులు కూర్చున్నాను, నా ప్రశ్నలు నాకు తెలీవా? ఏమ్మా షారోన్, నీ చేతిలో ఏముందసలు? కరెక్ట్ కరెక్ట్ అంటున్నావేంటి?"

షారోన్ మొహం పాలిపోయింది. "అదేం లేదు సార్..."

"కవరు నీచేతికే కదమ్మా ఇచ్చి అంటించమన్నాను? మధ్యలో మార్చేశావా ఏంటి? వాళ్ళకీ నీకూ ఏంటమ్మా ఒప్పందం?" చెడ్డవాడు కాదు తాతాజీ గారు. కానీ నెలరోజుల కష్టం గాలికిపోయిందనుకుంటే ఎంతటివాడికైనా నోరు జారుతుంది. హాలంతా ఆ పిల్లవైపు తిరిగింది. ఆమె సత్యవేదం వైపు ఒక్కసారి చూసి తలదించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా నోరు విప్పలేదు.

"అయ్యయ్యో, తప్పు నాదండీ!" అని ప్రసన్నలక్ష్మి గారు గబుక్కున లేచింది. "అద్దాల పవరు తేడా వచ్చినట్టుంది. పాపం ఆయనకు సరిగ్గా ఆనక ఏదో అడిగేశారు. వేరేవి ఉన్నాయండీ నా దగ్గర." సంచీ విప్పుతోంది.

అది చాలు అతనికి. ఔనని తలూపితే చాలు. విజయ్ కుమార్ కాగితం అందుకుంటాడు, ఆట సాగిపోతుంది, వచ్చే ఆదివారం మేడమీద తన కుర్చీ తనకుంటుంది. కానీ చూపు ఆననివాడు ప్రశ్నను తప్పు చదువుతాడు గానీ లేని ప్రశ్న చదవడు, అది చిన్నపిల్లాడికైనా తెలుసు. అనుమానం ఆ పిల్లమీద ఉండిపోతుంది. తనను కాపాడబోయి ఆమె దొంగ అవుతుంది.  సత్యవేదం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మాయి తప్పేం లేదండీ. కవరూ మారలేదు," అన్నాడు. గొంతులో రేడియో లేదు, గాలి మాత్రమే వచ్చింది. "నాకు చదవడం రాదండీ. ఆ రెండూ నా బుర్రలోంచి అడిగాను. అమ్మాయి నన్ను చూసి జాలిపడింది, అంతేనండీ."

 వీధిలో బస్తాలు దించుతున్న చప్పుడు వినబడింది. తాతాజీ గారు కూర్చున్నాడు. "అయ్యో... నాకు తెలీదండీ. షారోనమ్మా, ఏమనుకోకు," అన్నాడు. షారోన్ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. ప్రసన్నలక్ష్మి గారు సంచీ మూయడం మరిచిపోయి నిలబడి ఉంది. సత్యవేదం నేలచూపులు చూస్తూ, ఎవరో ఒకరు నవ్వుతారని, ఎవరో ఒకరు ఛీ అంటారని కాచుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

ఫణీంద్ర గారు లేచి వచ్చారు. భుజం మీద చెయ్యి వేసి అతన్ని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. "దానిదేముందండీ, ఏం ఫరవాలేదు, అసలేం ఫరవాలేదు," అన్నారు. తాతాజీ గారి సమ్మతి అడిగి కాగితం తీసుకుని తనే చదవడం మొదలుపెట్టారు. ఇక చదివే వంతు ఆయనది కాబట్టి జవాబు చెప్పే వరసలోకి సత్యవేదం వచ్చాడు.

"ఒకటో ప్రశ్న. ప్రపంచంలోకెల్లా లోతైన మంచినీటి సరస్సు ఏది?"

విజయ్ కుమార్ నోరు తెరవబోయాడు. ఫణీంద్ర గారు చెయ్యెత్తి ఆపారు. సత్యవేదం వైపు వంగి, ఒక్కో మాటా విడదీసి, మామూలు కంటే కాస్త గట్టిగా అన్నారు.

"సరస్సు అంటేనండీ సత్యవేదం గారూ... పేద్ద... నీళ్ళుండే చోటన్నమాట. మన కొల్లేరు లేదూ? అలాంటిది."

ఆయన మొహంలో ఎంత ఆప్యాయత ఉందో!  రెండేళ్ళుగా సత్యవేదం భయపడింది దీనికే. తిట్టుకు కాదు, నవ్వుకు కాదు. మొన్న ఆదివారం దాకా ఈ మనిషే, అమెజాన్ పొడవు సరిగ్గా ఎంతండీ అని తనను అడిగేవాడు. కాగితం చదవలేడని తెలిసిన అరనిమిషానికి కొల్లేరంటే ఏమిటో తనకు చెబుతున్నాడు. ప్రసన్నలక్ష్మి గారు కూడా తలూపుతూ, అర్థమైందా అన్నట్టు చూస్తోంది.

లేచి వెళ్ళిపోవాలనిపించింది. మెట్లు దిగి, బస్సెక్కి, మళ్ళీ ఎవరికీ కనబడకుండా పోవాలనిపించింది. కాళ్ళు లేవలేదు. నోరు లేచింది.

"బైకాలండీ," అన్నాడు. "రష్యాలో ఉందండీ. లోతు పదహారు వందల నలభై రెండు మీటర్లు." అక్కడితో ఆగలేదు. "నేను కొల్లేటికోటలో పుట్టానండీ. నడక రాకముందే నీళ్ళలో పడ్డాను. నాకు చదవడం రాదన్నాను గానీ, సరస్సంటే ఏంటో తెలీదనలేదండీ."

ఫణీంద్ర గారి చేతిలో కాగితం కిందికి దిగింది. ఆయన మొహం మీద రంగు మారింది. 

"కరెక్టేనండి," అంది షారోన్. ఈసారి హాలంతా వినబడేలా అంది.

 సత్యవేదం రెండో ప్రశ్న కోసం ఆయన వంక తిన్నగా చూశాడు. ఫణీంద్ర గారు గొంతు సవరించుకున్నారు. రెండో ప్రశ్న మామూలు వేగంతో, అందరికీ చదివినట్టే చదివారు.